రొమ్ము అనలేని పెద్దమనుషులు

అరకులో జాలి కూడా సీజన్ చూసుకునే వస్తుంది. వానాకాలంలో ఘాటీ రోడ్డు మీద మట్టిపెళ్లలు విరిగిపడుతూ, రిసార్టుల గదులు ఖాళీగా ఉండి, శుక్రవారం సంతలో నాలుగు గొడుగులు తప్ప ఏమీ కనిపించని రోజుల్లో ఎవరికీ ఎవరి మీదా జాలి పుట్టదు. వలిసె పూలు పసుప్పచ్చగా పూసి, విశాఖపట్నం కార్లు బారులు తీరాక పుడుతుంది. ఇక్కడి ఆశ్రమ పాఠశాలలో తెలుగు టీచరుగా ఇన్నేళ్లు పనిచేశాక నాకు అర్థమైన సంగతి ఇది.

నేను చెప్పబోయే అమ్మాయికి జబ్బు వానల్లో వచ్చింది. మా ఊరి పెద్దల దృష్టిలో అదే ఆమె చేసిన మొదటి పొరపాటు.

ఆమె నా దగ్గర చదువుకున్న పిల్లే. పద్యం అప్పజెప్పమంటే గోడకేసి చూసి నవ్వేది. పదో తరగతి అవగానే పెళ్లయింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. అరకు పక్కనే కొండవారనున్న ఊళ్లో కొంచెం కాఫీ, కొంచెం చోళ్లు, అంటే రాగులు, పండించుకుంటూ, సాయంత్రాలు టూరిస్టుల కోసం ఒక రిసార్టులో థింసా ఆడేది. థింసాలో ఆడవాళ్లు ఒకరి నడుము వెనక నుంచి ఒకరు చేతులు పట్టుకుని గొలుసులాగా కదులుతారు. ఆ గొలుసుకు చివర ఈ పిల్ల ఉండేది. గొలుసు గిర్రున తిరిగినప్పుడు చివరి మనిషి పరిగెత్తాలి. పరిగెత్తడమంటే ఆమెకు ఇష్టం.

చిన్నపిల్లకు పాలిస్తుంటే కుడి రొమ్ములో గడ్డ తగిలింది. పాలు గడ్డకట్టాయనుకుంది. అత్త ఆకు నూరి పట్టు వేసింది. ఊళ్లో పూజలు చేసే దిసారి కోడిని కోయించాడు. కొన్నాళ్లకు ఆశా కార్యకర్త చూసి, అందర్నీ కలిపి తిట్టి, బస్సెక్కించి తీసుకుపోయింది. వీళ్లలో ఎవర్నీ నేను తప్పుపట్టను. తెలిసినది చేశారు, తెలియనప్పుడు తెలిసినవాళ్ల దగ్గరకు పంపారు.

ఆ వానల్లోనే ఒక మధ్యాహ్నం చంకలో పిల్లతో నా క్వార్టరుకు వచ్చింది. గొడుగు గుమ్మంలో ఆనించి, ఎవరో చుట్టాలు వచ్చారని చెప్పినట్టు చెప్పింది.

"టీచరమ్మా, నాకు కేన్సరంట."

"ఎక్కడే?"

"రొమ్ముకి. తీసెత్తారంట. ఇదింక బువ్వ తినాల్సిందే" అని చంకలోని పిల్లకేసి చూసింది. పిల్ల అప్పటికే తల్లి జాకెట్టు పీకుతోంది.

భయంగా ఉందా అని అడిగాను.

"బయ్యం ఉంది గానీ, ముందు బస్సుకి తోడెవులొత్తారో సూడాల" అంది.

ఆపరేషను, సూదిమందులు ప్రభుత్వ ఆరోగ్య కార్డు కింద జరిగిపోయాయి. కార్డు కిందకి రానివే మనిషిని తినేసేవి. బస్సు, అక్కడ తిండి, వెంట వెళ్లినవాళ్ల కూలి, వానలకు రోడ్డు తెగితే ఒక పూట బదులు రెండు రోజుల బస. వాటి సంగతి వాళ్ల ఊరి ఆడవాళ్లు చూసుకున్నారు. సభ పెట్టలేదు. ప్రతి దఫా ఒకతె తోడు వెళ్లింది, మిగిలినవాళ్లు ఆమె చోడి చేనులో కలుపు తీశారు, అత్తకు తోడుగా పిల్లల్ని చూశారు. తోడు వెళ్లినవాళ్లలో ఒకావిడ జీవితంలో మొదటిసారి విశాఖపట్నం చూసింది. తిరిగొచ్చాక సముద్రం ఎలా ఉందని అడిగితే, ఆసుపత్రిలో లిఫ్టు గురించి మాత్రమే చెప్పింది. తలుపు మూసుకున్నప్పుడు ఒక ఊరు, తెరుచుకున్నప్పుడు ఇంకో ఊరట.

ఆమె ఆడుతున్న రిసార్టు యజమాని మాత్రం ఆమె ఆసుపత్రికి వెళ్లిన వారమే ఆమె స్థానంలో ఇంకో అమ్మాయిని పెట్టుకున్నాడు. అతను మైదానం నుంచి వచ్చిన వ్యాపారస్తుల బిడ్డ. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు కనుక రిసార్టు కాగితాల మీద గిరిజనుడైన అతని డ్రైవరు పేరుంటుంది. కాగితాల ప్రకారం యజమాని అయిన ఆ డ్రైవరు, కారు వచ్చినప్పుడు దిగి గేటు తీస్తాడు. ఆమె మొగుడు అక్కడే తోటమాలి. ఆపరేషను అయినప్పుడు పెళ్లానికి తోడుండటానికి అతను నాలుగు రోజులు సెలవడిగితే, ఆ నాలుగు రోజుల జీతమూ కోసేశారు.

కార్తీకం వెళ్లింది. వలిసెలు పూశాయి. అప్పుడు ఆ రిసార్టు యజమాని దగ్గర్నుంచి నాకు ఫోను వచ్చింది.

"మేడమ్ గారూ, మన ఆడబిడ్డకి ఇంత కష్టం వస్తే ఊరుకుంటామా? కమిటీ వేశాం. నేనే అధ్యక్షుణ్ణి. మీరొకసారి రావాలి."

రిసార్టు భోజనాల హాల్లో మీటింగు. హోటళ్లవాళ్లు, కాఫీ పొడి దుకాణాలవాళ్లు, కాంట్రాక్టరు ఒకాయన, అందరూ మగవాళ్లు. మిరపకాయ బజ్జీల పళ్లెం చుట్టూ కూర్చున్నారు. ఆడదాన్ని నేనొక్కదాన్నే. నన్ను పిలిచిందీ ఆడదాన్నని కాదు, రాయడం వచ్చని.

"ఫ్లెక్సీకీ, వాట్సాపుకీ నాలుగు ముక్కలు రాసిపెట్టండి" అన్నాడు అధ్యక్షుడు. "చదివితే కన్నీళ్లు రావాలి."

నేను అక్కడే కాగితం తీసుకుని రాశాను. మన ఊరి అమ్మాయికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. వైద్యం జరుగుతోంది. ఆసుపత్రికి వెళ్లిరావడానికీ, ఇల్లు గడవడానికీ సాయం కావాలి.

అతను చదివి తల గోక్కున్నాడు. "ఇందులో కన్నీళ్లేవండీ? పైగా ఈ మాట..." అని కాగితం మీద వేలు పెట్టి చూపించాడు.

"ఏ మాట?"

"అదేనండీ." వేలు ఇంకా అక్కడే ఉంది. "ఫ్యామిలీలు వస్తారు. రోడ్డు మీద అంతంత అక్షరాలతో అది రాస్తే బాగోదు."

"జబ్బు దానికే వచ్చింది కదండీ."

"ఛాతీ అందాం" అన్నాడు కాంట్రాక్టరు.

"ఛాతీ మగాళ్లదండీ" అన్నాడు కాఫీ దుకాణమాయన. అందరూ నవ్వారు. ఒకాయన నవ్వుతూ బజ్జీ గొంతుకడ్డం పడి దగ్గాడు. గుండె దగ్గర జబ్బు అందామని ఇంకెవరో అన్నారు. అలా అయితే గుండెజబ్బు అనుకుంటారని మరొకరు. పుట్టగానే సీసా పాలు తాగి పెరిగినవాడు ఆ గదిలో ఒక్కడు కూడా లేడు. థింసా సాగుతున్నప్పుడు వీళ్ల చూపులు ఎక్కడ నిలుస్తాయో నేను ఎన్నో సాయంత్రాలు చూశాను. అక్కడ నిలపడానికి లేని సిగ్గు, ఆ పేరు పలకడానికి వచ్చింది.

చివరికి 'ప్రాణాంతక వ్యాధి' అని తీర్మానించారు. మూడు చుక్కలు పెట్టి, 'మృత్యువుతో పోరాడుతున్న ఓ గిరిజన తల్లి' అని కాంట్రాక్టరు సొంతంగా చేర్చాడు. నా కాగితం బజ్జీల పళ్లెం కింద నూనె పీలుస్తూ ఉండిపోయింది.

వీడియో తీయడానికి యూట్యూబు ఛానెలు నడిపే మనిషిని ఒకణ్ణి పంపించారు. ఆ సంగతి ఆమే చెప్పింది, తరవాత శుక్రవారం సంతకొచ్చి నా క్వార్టరులో కాసేపు కూర్చున్నప్పుడు. సూదిమందులకు జుట్టు మొత్తం రాలిపోయింది. తలకు మొగుడి కండువా చుట్టుకుంది.

"గుమ్మంలో కూకోబెట్టినాడు టీచరమ్మా. నవ్వొద్దన్నాడు. నవ్వితే డబ్బులు రావంట. పిల్లని గిల్లమన్నాడు, ఏడిత్తే బాగుంటాదని."

"గిల్లేవా?"

"ఆడ్ని గిల్లీసినాను" అంది. "ఇక్కడ." మోచేతి పైన చూపించింది. "ఓలమ్మో అన్నాడు. పిల్ల నవ్వింది. మరి తియ్యలేదు."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. నవ్వు ఆగాక, అధ్యక్షుడు రిసార్టులో పెట్టే విరాళాల సభకు వెళ్లకపోతే ఏం అని అడిగాను.

"మా ఆయన పని ఆడి దగ్గిరే కదా. ఎల్లకపోతే ఈడ్ని తీసెత్తాడు. ఎల్తాను. ఓ గంట కూకుంటే పోయిందేటి?"

రిసార్టు పచ్చికలో స్టేజీ, లైట్లు, గేటుకు ఆమె బొమ్మతో రెండు నిలువుల ఫ్లెక్సీ. కింద కమిటీ సభ్యుల ఫొటోలు, అందరూ చలవ కళ్లద్దాలు పెట్టుకున్నవి. ఆమె బొమ్మ కంటే ఆ తలకాయలన్నీ కలిపి ఎక్కువ స్థలం తీసుకున్నాయి. టూరిస్టులకు ఆ రాత్రి భోజనం టిక్కెట్టులోనే విరాళం కలిపేశారు. అంటే బొంగు చికెన్ తిన్నవాడల్లా దాత అయ్యాడు.

ఆమె పసుప్పచ్చ చీర కట్టుకుని, తలకు చీర రంగు గుడ్డ చుట్టుకుని, వాళ్లూరి ఆడవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ వచ్చింది. చాలా రోజుల తరవాత తన జట్టును కలిసింది, ముఖం వెలిగిపోతోంది. నా పక్క కుర్చీలో కూర్చున్న టూరిస్టు ఒకావిడ భర్తను మోచేత్తో పొడిచి, "పేషెంటు ఈవిడేనా? బానే ఉందే" అంది. మోసపోయినట్టు అంది. ఆవిడకు రావలసిన సరుకు రాలేదు.

ముందు థింసా మొదలైంది. అధ్యక్షుడు మైకులోనే పిలిచాడు. "రావమ్మా, నువ్వు కూడా ఒక్క స్టెప్పు! జనం చూడాలి!"

"సెయ్యి లెగదు బావు" అంది కూర్చున్నచోటి నుంచే.

"లేచినంతే చాలమ్మా."

లేవలేదు. జట్టులోని ఒకావిడ ఆటలో నుంచే అతన్ని తమ భాషలో ఏదో అంది. గొలుసంతా నవ్వింది. అతనూ నవ్వాడు, అర్థం కాక.

తరవాత ముఖ్య అతిథి మాట్లాడాడు. భూదేవి, సహనం, మాతృమూర్తి, ఆ మహమ్మారి, ఆ భయంకరమైనది, ఆ ప్రాణాంతకమైనది. నేను వింటూనే ఉన్నాను. ఒక్కసారి కూడా ఆ మాట రాలేదు. సంతలో పసుపు కొమ్ములు బేరం చేసేవాడు కూడా సరుకు పేరు చెప్పి బేరం చేస్తాడు.

అప్పుడు ఆమెను స్టేజీ ఎక్కించారు. అట్టతో చేసిన పెద్ద చెక్కును ఒక చివర ఆమె చేతికి, ఒక చివర అతిథి చేతికి ఇచ్చారు. అధ్యక్షుడు ఆమె చెవి దగ్గర వంగాడుగానీ, మైకు చేతిలోనే ఉండటంతో అందరికీ వినబడింది.

"ఆ తలగుడ్డ ఒక్కసారి తియ్యమ్మా. ఫొటోకి. జనానికి తెలియాలి కదా."

ఆమె అతనికేసి చూసింది. "నీ సొక్కా ఇప్పమంటే ఇప్పుతావేటి నివ్వు?"

ఇక్కడివాళ్లు దేవుణ్ణీ కలెక్టర్నీ కూడా నువ్వనే అంటారు. అందులో అగౌరవం ఉండదు. అతను మాత్రం చెంపదెబ్బ తిన్నట్టయ్యాడు. ముందు వరసలో పట్టుచీరతో కూర్చున్న అతని భార్య తల వంచుకుంది. మొగుడికి అవమానమైందని కాబోలు అనుకున్నాను.

ఆమె చెక్కు వదిలేసి, అతని చేతిలోంచి మైకు తీసుకుంది. లాక్కోలేదు. అతనే బిత్తరపోయి ఇచ్చేశాడు.

"నాకొచ్చింది రొమ్ముకి" అంది. మైకు కీచుమంది. కొంచెం దూరంగా పట్టుకుని మళ్లీ చెప్పింది. "రొమ్ము కేన్సరు. ఇక్కడెవులూ ఆ మాట అనట్లేదు, మరి దేనికొచ్చిందో మీకెలాగ తెలుత్తాది? కుడిది తీసేసినారు. పిల్లకి పాలిత్తంటే గెడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదని నాను ఊరుకుండిపోనాను. ఆడోళ్లు సానం సేసినప్పుడు సెయ్యెట్టి సూసుకోండి. గెడ్డుంటే సిగ్గుపడకండి, బేగి ఎల్లండి. మొగోళ్లు మీ ఆడోళ్లని తోలుకెల్లండి. నాకు డబ్బులిచ్చినోళ్లకి దండాలు."

వెనక ఎవడో తాగినవాడు కిసుక్కున నవ్వాడు. ముఖ్య అతిథి ఫోనులో ముఖం పెట్టాడు. కాంట్రాక్టరు చెయ్యి ఊపాడు, సౌండువాడు పాట పెట్టేశాడు. ఆమె మైకును స్టాండులో జాగ్రత్తగా పెట్టి, మెట్లు దిగి వచ్చి వాళ్లవాళ్ల మధ్య కూర్చుంది. అధ్యక్షుడు అతిథితో అనడం విన్నాను: "గిరిజనులు కదండీ. అమాయకులు. ఏం మాట్లాడాలో తెలీదు."

ఆ రాత్రి అక్కడ ఏం మాట్లాడాలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ఎంత వసూలైంది, టెంటుకూ లైట్లకూ ఎంత పోయింది అన్నది నేను అడగలేదు. అడిగినా చెప్పేవాళ్లు కారు. ఆమె చేతికి కొంత అందింది, కొన్ని ప్రయాణాలకు పనికొచ్చింది. కానీ ఆ డబ్బుతో పాటు అరకు మొత్తానికీ ఆమె మీద అజమాయిషీ కూడా దఖలు పడింది.

సంక్రాంతి దాటాక ఒక శుక్రవారం ఆమె సంతలో పెద్దపిల్లకు గాజులు తొడిగించి, ఇద్దరు పిల్లలతో కూర్చుని పకోడీ తింది. సాయంత్రానికి ఆ ఫొటో కమిటీ వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద వ్యాఖ్యలు. మన డబ్బుతో షికార్లు. క్యాన్సర్ పేషెంటు నూనె సరుకు తినొచ్చా? ఆ పిల్లకి అన్ని గాజులెందుకు? వారం వారం మందు సీసాలకు పెట్టే డబ్బు లెక్క పెళ్లానికి కూడా చెప్పని మగవాళ్లు, మట్టిగాజుల డజనుకు సంజాయిషీ అడిగారు.

అధ్యక్షుడు నాకు ఫోను చేశాడు. "మీ స్టూడెంటుకి కాస్త చెప్పండి మేడమ్. దాతలు ఫీలవుతున్నారు."

"ఏం చెప్పమంటారు?"

"కొంచెం... పేషెంటులా ఉండమని."

"మంచం మీదే ఉండమంటారా, గుమ్మంలో కూర్చుంటే చాలా?"

"అలా వెటకారం చేస్తే ఎలాగండీ. రేపు ఇంకొకళ్లకి సాయం చేద్దామంటే జనం ముందుకొస్తారా?"

నేను ఫోను పెట్టేశాను. సంగతి ఆమెకు చెప్పకూడదనుకున్నాను. కానీ మొగుడి ద్వారా అప్పటికే తెలిసింది. తరవాతి వారం సంతకొచ్చినప్పుడు తనే ఎత్తింది.

"పకోడీ తిన్నానని సభెట్టీసినారంట కదా టీచరమ్మా" అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "గుంట ఎన్నాళ్లనుంచో అడుగుతున్నాది గాజులు. ఆసుపత్రికి ఎల్లినప్పుడల్లా అమ్మ వత్తాదా రాదా అని అత్తని అడుగుతాదంట. ఓ డజను గాజులేత్తే తప్పా?" కళ్లు తుడుచుకుంది. సభలోనూ, ఆసుపత్రిలోనూ రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. వాటి కోసం అంత తాపత్రయపడిన కమిటీవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.

ఇది జరిగిన కొన్నాళ్లకే, ఒక ఆదివారం మధ్యాహ్నం అధ్యక్షుడి భార్య మా క్వార్టరుకు వచ్చింది. అన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు. రాయబారానికి పంపించాడనుకుని, కూర్చోమనడానికి కూడా ఆలస్యం చేశాను. ఆవిడ స్వీటు ప్యాకెట్టు బల్ల మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది. చలి గురించి మాట్లాడింది. మా పెరట్లో మిరియం తీగ బాగుందంది. తరవాత కొంగు రెండు చేతులతో మెలిపెడుతూ అడిగింది.

"ఆ అమ్మాయి గెడ్డ నొప్పి లేదన్నాది కదండీ, ఆరోజు. నిజంగానే ఉండదా?"

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "ఎన్నాళ్లనుంచండీ?"

"దసరా ముందునుంచి."

"మీవారికి చెప్పారా?"

"ఆయన ఆ కమిటీ పనుల్లో తిరుగుతున్నారు కదండీ" అంది. ఆ మాటలో వెటకారమేమీ లేదు. మామూలుగా అంది. "ఎప్పుడు చెప్పను? ఇంటికొచ్చేసరికి అలిసిపోయుంటారు."

తన ఇంట్లో మంచం అవతలి పక్కన ఉన్న గడ్డ తెలియకుండా, ఆ మనిషి నెలల తరబడి ఊరంతా తిరిగి ఇంకొకరి క్యాన్సర్‌కు విరాళాలు పోగు చేశాడు.

ఆవిడకు డాక్టరు కంటే ముందు ఆ అమ్మాయిని చూడాలని ఉంది. శుక్రవారం ఇద్దర్నీ మా ఇంటికి పిలిచాను. పక్కగదిలోకి వెళ్లారు. నేను బయటే ఉండబోతే ఆవిడే లోపలికి రమ్మంది. అమ్మాయి చేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకుంది.

"సెయ్యెట్టనా అమ్మా?"

ఆవిడ కళ్లు మూసుకుని తలూపింది. అమ్మాయి తడిమి చూసి, చెయ్యి తీసి, కొంగు సరిచేసింది.

"నాకేటి తెలుత్తాది? నాదీ ఇలాగే ఉండీది. కానీ ఇదీ అదీ ఒకటో కాదో డాక్టర్నే అడగాల. రేపే ఎల్లు."

"ఆయన్ని ఎలా అడగాలో..."

"అడగడమేటి? సెప్పు. నీ రొమ్మే కదా."

ఆవిడ ఏడ్చింది. అమ్మాయి పక్కన కూర్చుని, ఆపరేషను తరవాత ఎడమ చేత్తో జాకెట్టు హుక్కులు ఎలా పెట్టుకోవాలో, సూదిమందు నాడు ఏం తింటే వాంతి కాదో, తన చోడి అంబలి సంగతి, పుల్లమామిడి ముక్క సంగతి చెబుతూ కూర్చుంది. వాళ్లిద్దరి మధ్య ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. వంటింట్లో ఉప్పు అన్నట్టే అనుకున్నారు.

వారం తిరక్కుండా అధ్యక్షుడి కుటుంబం హైదరాబాదు వెళ్లింది. అరకులో అందరికీ కాశీయాత్ర అని చెప్పారు. ఆవిడది క్యాన్సరే, కానీ ఇంకా చిన్నగా ఉండగానే దొరికింది. మొత్తం తీయనక్కర్లేకుండా గడ్డ వరకు తీశారట. అక్కణ్ణుంచి అతను నాకు ఒక్కసారి ఫోను చేశాడు. ఎప్పుడూ మైకులాగా మోగే గొంతు కుచించుకుపోయి ఉంది.

"మేడమ్ గారూ, మీకు తెలుసంట. దయచేసి ఎవరితోనూ... ఆడకూతురు విషయం. పరువు. ఆవిడ్ని ఎవరూ అదోలా చూడకూడదు కదండీ."

ఫ్లెక్సీ ఎప్పుడు కట్టిస్తున్నారని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ముఖం గుర్తొచ్చి మింగేశాను.

ఆ రోజు వరకు అతన్ని మూర్ఖుడనుకునేదాన్ని. ఏ మనిషితో ఎలా మసలుకోవాలో తెలియనివాడనుకునేదాన్ని. ఆ ఫోను తరవాత ఆ కాస్త మన్నింపు కూడా పోయింది. అతనికి అన్నీ తెలుసు. జబ్బుపడిన ఆడదాని గది తలుపు మూసి ఉంచాలని తెలుసు. తలగుడ్డ తీయమనకూడదని, ఫొటో తీయకూడదని, ఏం తింటోందో పదిమందిలో చర్చించకూడదని తెలుసు. పరువు అన్న మాట తెలుసు. కొండమీది అమ్మాయికి అది అక్కర్లేదనుకున్నాడు, అంతే. తెలియని మనిషిని భరించవచ్చు. తెలిసీ మనుషుల్ని బట్టి మర్యాదను కొలిచి పోసేవాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమ్మాయి ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా చెప్పలేదు. రిసార్టు ఆవిడ కాశీ నుంచి ప్రసాదం తెచ్చిందా అని సంతలో ఎవరో అడిగితే, నాకేటి తెలుసని పక్కకు తిరిగి అల్లం బేరం చేసింది. ఇదంతా రాసుకోమని నాకు అనుమతి ఇచ్చింది ఆవిడే, అధ్యక్షుడి భార్య. పేరు మాత్రం వద్దంది. ఎవరి పేరూ లేకుండా రాస్తానన్నాను.

అధ్యక్షుడు మారాడా అని ఎవరైనా అడుగుతారేమో. మారలేదు. భార్యకు నయమయ్యాక ఇంకా హుషారు వచ్చింది. ఇప్పుడు కిడ్నీలు పాడైన ఒక జీపు డ్రైవరు కోసం కమిటీ వేశాడు. అమ్మాయి ఎదురుపడితే ఫోను చెవికి ఆనించుకుని నడిచిపోతాడు. తన భార్య ప్రాణం గురించి ఆమెకు దండం పెట్టకపోయినా ఫరవాలేదు, కనీసం ఆమె మొగుడికి కోసిన నాలుగు రోజుల జీతమైనా ఇచ్చి ఉంటే మనిషనుకునేదాన్ని. ఆ మొగుడే ఎండాకాలంలో అక్కడ పని మానేసి, కాఫీ తోటల్లో కూలికి వెళ్తున్నాడు.

ఆమెకు సూదిమందులు అయిపోయాయి. రోజూ మాత్ర వేసుకోవాలి, కొన్ని నెలలకొకసారి చూపించుకోవాలి. కుడి చెయ్యి అప్పుడప్పుడు వాస్తుంది. బరువు ఎత్తొద్దన్నారు, ఎత్తుతుంది. జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది. రిసార్టులో ఆటకు మళ్లీ పిలిచారుగానీ వెళ్లలేదు.

జూన్‌లో బడులు తెరిచిన వారం పెద్దపిల్లను మా ఆశ్రమ పాఠశాలలో చేర్చడానికి తీసుకొచ్చింది. తడిసిన చెప్పులు బయట విడిచి ఆఫీసు గదిలోకి వచ్చారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన గుమస్తా ఆమెను ఎగాదిగా చూసి, "మిమ్మల్ని వీడియోలో చూశానమ్మా. ఆ ప్రాణాంతక వ్యాధి ఆవిడ మీరే కదూ?" అన్నాడు.

"ఈ గుంట తల్లిని" అంది. "ఏ కాయితాలు కావాలో సెప్పు."

అతను చెప్పాడు. అందులో పుట్టిన తేదీ ధ్రువపత్రం ఆమె తేలేదు. నెత్తిన చెయ్యి పెట్టుకుని తనను తానే తిట్టుకుంది. ఇంట్లో ఇనప్పెట్టెలో ఉందట. జీపు వెళ్లిపోతుందేమోనని పిల్లను నా దగ్గర కూర్చోబెట్టి, బేగి వత్తానని చెప్పి, వానలోనే రోడ్డు వైపు పరిగెత్తింది. పిల్ల నా బల్ల కింద కూర్చుని సుద్దముక్క ఒకటి దొరికితే నేల మీద గీతలు గీస్తూ, వాళ్లమ్మ వచ్చేదాకా ఒక్కసారి కూడా తలెత్తి గుమ్మంకేసి చూడలేదు.